గట్టు మీది జనం

పోయిన ఆదివారం ఆత్మకూరులో మా మనవరాలు బాప్తీస్మం తీసుకుంది. మా చర్చిలో ఈమధ్యనే వేదిక పక్కన తొట్టి కట్టించారు. నీలం రంగు టైల్సు, దిగడానికి మెట్లు, పట్టుకోవడానికి స్టీలు కడ్డీ, చలికాలం గనుక గీజరుతో కాచిన గోరువెచ్చని నీళ్ళు. కుళాయి తిప్పి వదిలేస్తే ప్రార్థన మొదలయ్యేలోపల తొట్టి నిండిపోయింది. పాస్టరుగారు బట్టలు తడవకుండా నడుము దాకా రబ్బరు తొడుగు వేసుకుని దిగారు. పిల్ల మునిగి లేవగానే అందరం చప్పట్లు కొట్టాం. ముందు వరుసలో నాకు వేసిన కుర్చీలో కూర్చుని ఆ నీళ్ళ అడుగున మెరుస్తున్న టైల్సు వంక చూస్తూ, ఇందులో కాలు జారడానికి బురదే లేదు గదా అనుకుని నాలో నేనే నవ్వుకున్నాను. నా పక్కనున్న వాళ్ళు ముసలామె ఆనందంతో నవ్వుతోందనుకున్నారు. ఆనందమే గాని అది ఆ ఆదివారానిది కాదు, ఎన్నో ఏళ్ళ కిందటిది.

మీలో నా ఈడు వాళ్ళకు బొగ్గు బస్సులు గుర్తుండే ఉంటాయి. బస్సు వెనక పీపా లాంటి పొయ్యి, దానికి గాలి కొట్టడానికి క్లీనరు చేతిపిడి తిప్పుతూ చెమటలు కక్కడం, ఎత్తు వస్తే మగవాళ్ళందరూ దిగి నెట్టడం, అదంతా ఇప్పటి పిల్లలకు చెబితే కథ అనుకుంటారు. అలాంటి బస్సులోనే నేను కొత్త కోడలిగా ఆత్మకూరు నుంచి ఉదయగిరికి వెళ్ళాను. నేను చదివింది అయిదో తరగతి వరకే. కాని మా నాయన నన్ను చెయ్యి పట్టుకుని గ్రంథాలయానికి తీసుకుపోయేవాడు. అక్కడ మగవాళ్ళు పత్రికలు చదువుకునే బల్ల చివర కూర్చోబెట్టి, నువ్వు ఏది చదివినా సరే గాని పుటలు మడవకు అని ఒక్క షరతు పెట్టేవాడు. పెళ్ళినాటికి ఆ బీరువాలలో నా చెయ్యి తగలని పుస్తకం లేదని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. ఉదయగిరిలో ఆడవాళ్ళు గ్రంథాలయం మెట్లు ఎక్కే ఆచారం లేకపోయినా, మా ఆయన తన పేరు మీద పుస్తకాలు తెచ్చి ఇచ్చేవాడు. అవి అయిపోతే పొట్లాలు కట్టడానికి కొన్న పాత కాగితాలు ఉండనే ఉండేవి. చింపే ముందు ప్రతి కాగితమూ చదవకుండా నేను ఎవరికీ పొట్లం కట్టలేదు.

పొట్లాలు ఎందుకంటే మాది హోటలు. హోటలంటే పెద్ద మాట, బస్సు ఆగే చోట బోద గడ్డి కప్పిన పాక, రెండు బల్లలు, ఒక పొయ్యి, ఒక రుబ్బురోలు. మా మామ జ్వరంతో పోయాక మా అత్త ఒక్కతే దాన్ని పెట్టి కొడుకును పెంచింది. పాక ఉన్న స్థలం మాది కాదు. చెరువు కింద పెద్ద పొలమున్న మోతుబరి రైతు ఒకాయన, అత్త అన్నా అని పిలిచేది గనుక నాకు మామ వరస, విధవరాలు బతుకుతుంది కదా అని నోటి మాట మీద ఇచ్చిన జాగా. ఆయన వద్దన్న రోజున పాక పీక్కుని పోవలసిందే. మా కులం వాళ్ళ చేతి తిండి అందరూ తినేవాళ్ళు గనుక తెల్లవారేసరికి బండ్లవాళ్ళు, మేకల బేరగాళ్ళు, సీతారామపురం వైపు నుంచి వచ్చే బస్సు జనం, అందరూ మా కారం దోసెకు చేరేవాళ్ళు. ఊరు అంటరానివాళ్ళుగా చూసిన పాలెం వాళ్ళు మాత్రం బయటే నిలబడేవాళ్ళు. వాళ్ళ కోసం చూరులో సత్తు గ్లాసులు దోపి ఉండేవి. వాటిని వాళ్ళే తీసుకుని, తాగి, వాళ్ళే కడిగి మళ్ళీ చూరులో పెట్టాలి. అప్పట్లో ఏ ఊరి హోటలైనా అంతే, అది తప్పని గాని ఒప్పని గాని ఎవరమూ అనుకున్నది లేదు.

అలా చూరులో గ్లాసు తీసుకునే వాళ్ళలో ఒక ముసలామె ఉండేది. పాలెంలోని ప్రార్థన గుడి తరఫున ఇంటింటికీ తిరిగి బైబిలు చదివి వినిపించే స్త్రీ, అందరం బైబిలవ్వ అనేవాళ్ళం. మా ఆయన తండ్రి పోయిన ఏడాది అత్త రుబ్బురోలు దగ్గర ఏడుస్తుంటే ఆ అవ్వ చూరు కింద నిలబడే ప్రార్థన చేసిందట. అప్పటినుంచి మధ్యాహ్నం గిరాకీ లేని వేళ అవ్వ బయట, అత్త లోపల, మధ్య గడపగా ఆ మాటలు ఏళ్ళ తరబడి నడిచాయి. నేను కాపురానికి వచ్చేసరికే అత్త మనసు క్రీస్తుకు ఇచ్చేసి ఉంది. ఇది ఇంట్లో మాకు తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదని మా ముగ్గురి నమ్మకం. తెలిస్తే హోటలు ఉండదని మా ముగ్గురి భయం.

ఆంధ్ర రాష్ట్రం వేరుపడడానికి ముందు ఆ మెట్ట ప్రాంతంలో వరసగా వానలు లేని ఏళ్ళు మీకు గుర్తుండే ఉంటాయి. అలాంటి ఒక ఏడు, నేను మొదటి కాన్పుకు కడుపుతో ఉండగా, అత్త ఒకరోజు దోసె తిరగేస్తూ తాను బాప్తీస్మం తీసుకుంటానని చెప్పింది. మా ఆయన చేతిలోని నీళ్ళ చెంబు అక్కడే పెట్టేశాడు. పాలెం గుడి పాస్టరు, అయ్యగారు అనేవాళ్ళం, చాలా మెతక మనిషి. ఆయనే ఒక ఉపాయం చెప్పాడు. నెల్లూరు దారిలో ఒక మిషన్ కాంపౌండులో గోడల మధ్య సిమెంటు తొట్టి ఉందట, చుట్టాల ఇంటికని చెప్పి బస్సెక్కి వెళ్ళి అక్కడ మునిగి వస్తే ఇక్కడ కాకికి కూడా తెలియదు. నాకు ఆ ఉపాయం ఎంతగానో నచ్చింది. నచ్చడమే కాదు, నా గ్రంథాలయ పాండిత్యమంతా బయటికి తీసి, రోమా నగరంలో మొదటి క్రైస్తవులు నేల కింద గుహలలో దాక్కుని ప్రార్థన చేసుకునేవాళ్ళనీ, ఒకరినొకరు గుర్తుపట్టడానికి చేప బొమ్మ గీసుకునేవాళ్ళనీ, దాక్కోవడం విశ్వాసానికి తక్కువేమీ కాదనీ అత్తకు వివరంగా చెప్పాను.

అత్త అంతా శ్రద్ధగా విన్నది. నా పుస్తకాలంటే ఆమెకు గౌరవమే.

"వాళ్ళు బయటికొస్తే ఏం జేసేవాళ్ళు వాళ్ళను?" అంది.

సింహాలకు వేసేవాళ్ళని చెప్పాను.

"మరి నన్నేం జేస్తారమ్మే? ఇడ్లీ తినడం మానేస్తారు, అంతే గదా. దానికి గుహలో దూరాల్నా?"

మా ఆయన పాక సంగతి ఎత్తాడు. జాగా ఇచ్చినాయన పొమ్మంటే ఎక్కడికి పోతామన్నాడు. అత్త పొయ్యిలో కట్టె సర్దుతూ, "నేను మీ నాయన్ను నలుగురి ముందర జేసుకున్నాను గాని దొంగగా జేసుకోలేదురా. ఇది మాత్రం దొంగగా ఎట్ట జేసుకునేది?" అని ఊరుకుంది.

ఊరి చెరువులోనే అని నిర్ణయమైంది. అయితే ఆ ఏడు చెరువు చెరువులా లేదు. కనుచూపు మేరా పగుళ్ళు వేసిన నేల, తూము దగ్గర లోతైన చోట మాత్రం ఒక గుంటలో నీళ్ళు. ఊరి ఆడవాళ్ళు చెలమల్లో తోడుకునే నీళ్ళూ అక్కడే, గుడ్డలు ఉతికేదీ అక్కడే, బర్రెలు పడుకునేదీ అక్కడే. నిండు చెరువైతే ఏ మూలో పొదల చాటున కానిచ్చేవాళ్ళేమో, కరువు పుణ్యమా అని ఊరంతటికీ ఒకే గుంట మిగిలింది. ఆదివారం ఉదయం మేము చేరేసరికి బిందెలతో ఆడవాళ్ళు, బర్రెలతో కాపరులు, వీళ్ళను చూసి ఇంకా ఎవరెవరో గట్టు మీద బారులు తీరి ఉన్నారు. మా హోటల్లో తినేవాళ్ళలో రాని మొహం ఒక్కటీ లేదు. మోతుబరి మామ కూడా పొలానికి పోతూ కర్ర ఆనించి నిలబడ్డాడు. సీతారామపురం బస్సు డ్రైవరు సాయిబు బస్సును గట్టు కింద ఆపి మరీ చూడడానికి వచ్చాడు. బైబిలవ్వ నా పక్కన నిలబడి వేళ్ళు విరుచుకుంటోంది. నా కడుపులో బిడ్డ కదిలిందో, నా భయమే కదిలిందో ఇప్పటికీ తెలియదు.

మా అత్త పిడికెడు మనిషి కాదు. రుబ్బురోలు తిప్పి తిప్పి భుజాలు మగవాడి భుజాల్లా ఉండేవి. అయ్యగారేమో బక్కపలచటి మనిషి. ఆయన నడుములోతు నీళ్ళలో నిలబడి, అడగవలసినవి అడిగి, ఆమె నమ్ముతున్నానని గట్టు దాకా వినిపించేలా చెప్పాక, వీపు కింద చెయ్యి వేసి వెనక్కు వంచాడు. అంతలో గుంట అడుగున బర్రెలు కలచిన బురదలో అయ్యగారి కాలు సర్రున జారింది. అత్తతో పాటు ఆయన కూడా మునిగిపోయాడు. చేతిలోని చిన్న పుస్తకం ఒక్కటే నీళ్ళ పైన తేలింది. అత్తే ముందు లేచి, చీర కొంగుతో మొహం తుడుచుకుని, అయ్యగారిని రెక్క పట్టుకుని పైకి లేపి నిలబెట్టింది.

గట్టు మీద నుంచి డ్రైవరు సాయిబు కేక వేశాడు. "అక్కా, అయ్యగారికి నువ్వే ఇచ్చినావా బాప్తీస్మం?"

జనం గొల్లుమన్నారు. అయ్యగారి మొహం వెలవెలపోయింది గాని అత్త నడుము మీద చేతులు పెట్టుకుని వాళ్ళందరికంటే గట్టిగా నవ్వింది. "నువ్వూ దిగు తమ్ముడూ, నీకూ ఇస్తా," అంది. మళ్ళీ నవ్వులు. చివరికి అయ్యగారు కూడా నవ్వాడు. అన్ని నెలలుగా మేము వణికిపోయిన ఘడియ అలా నవ్వుల్లో కరిగిపోతుందని నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

ఇంతకంటే ఆశ్చర్యం ఆ గట్టు మీదనే తెలిసింది. ఒడ్డుకొచ్చిన అత్తకు నేను పొడి చీర అందిస్తుంటే, బిందె చంకన పెట్టుకున్న ఒకామె దగ్గరికి వచ్చి, "ఇన్నాళ్ళకు మునిగినావా పెద్దమ్మా, మేము ఎప్పుడో మునిగినావనుకున్నాం," అంది. ఏమిటంటే, అత్త తెల్లవారుజామున పిండి రుబ్బేటప్పుడు బైబిలవ్వ దగ్గర నేర్చుకున్న పాటలు తనకు తెలియకుండానే గొంతెత్తి పాడేదట. మేము అలవాటు పడిపోయి విననే లేదు. పాక తడిక అవతల బండ్ల కింద పడుకునే వాళ్ళూ, తొలి బస్సు కోసం కూర్చునే వాళ్ళూ ఏళ్ళ తరబడి ఆ పాటలు వింటూనే మా ఇడ్లీలు తింటున్నారు. మా ఊరిలో మాకు మాత్రమే తెలిసిన రహస్యం, మాకు తప్ప అందరికీ మామూలైపోయిన సంగతి. ఆ రోజు పీల్చినంత నిబ్బరంగా నేను అంతకు ముందు ఎప్పుడు ఊపిరి పీల్చానో గుర్తులేదు.

కాని అసలు పరీక్ష మేము భయపడిన చోట లేదు, భయపడని చోట ఉంది.

ఆ సాయంత్రం పాలెం గుడిలో ప్రభువు బల్ల, అంటే విశ్వాసులంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. ఒకే ఒక ఇత్తడి గిన్నె వరసగా చేతులు మారుతుంది. బైబిలవ్వ తాగి ఇచ్చిన గిన్నెను అత్త అందుకుని తాగింది. మరునాడు పొద్దున అవ్వ అలవాటు చొప్పున వచ్చి చూరులోకి చెయ్యి పెట్టింది. పొయ్యి ముందర ఉన్న అత్త అది చూసింది. గరిటె పక్కన పెట్టి బయటికి వచ్చి, అవ్వ చేతిలోని గ్లాసు లాక్కుని, చూరులో ఉన్న మిగతా గ్లాసులన్నీ కూడా పీకేసింది.

అవ్వ గాభరాపడి, "వద్దు తల్లీ, నీ గిరాకీ చెడిపోతాది. నాకు యాడ తాగినా అదే కాఫీ గదా," అంది.

"నిన్న ఒక గిన్నెలో తాగినాం. తెల్లారేసరికి రెండు గ్లాసులంటే దేవుడు నవ్వడా అవ్వా? రా, లోపల కూర్చో."

"కాళ్ళు వణకతా ఉండాయి తల్లీ."

"నాకూ వణకతా ఉండాయిలే. కూర్చుంటే పోతాది."

అవ్వ గడప దాటి బల్ల చివర కూర్చుంది. అత్త ఇత్తడి గ్లాసులో కాఫీ పోసి ముందు పెట్టింది. తింటున్న వాళ్ళ చేతులు ఆగిపోయాయి. ఒకాయన విస్తరి మడిచి లేచాడు, వెనక ఇంకొకరు, చూస్తుండగానే బల్లలు ఖాళీ అయ్యాయి. మేకల బేరగాడొకడు గడప దగ్గర ఆగి, "నువ్వు మునిగితే మునిగినావు, మమ్మల్ని గూడా ముంచుతావా?" అని పోయాడు. చేప బొమ్మలు, గుహలు అన్నీ నాకు గుర్తొచ్చాయి. నిన్న గట్టు మీద నవ్విన వాళ్ళకు ఆమె దేవుడెవరైనా పట్టలేదు, తమ పక్కన ఎవరు కూర్చుంటారన్నదే పట్టింది.

ఆ రోజూ, మరునాడూ, ఆ పైనా ఇడ్లీలు వేసినవి వేసినట్టే ఉండిపోయాయి. అత్త వాటిని పాలెం బడి పిల్లలకు పంపించేది. మా ఆయన తడికలకు తాళ్ళు బిగిస్తూ కూర్చునేవాడు, ఎటూ పీకవలసిన తడికలకు తాళ్ళెందుకని నేను అడగలేదు. మోతుబరి మామ పొలానికి పోతూ మా పాక వంక చూసేవాడు గాని ఆగేవాడు కాదు. అవ్వ రానంటే అత్త తానే పాలెం దాకా పోయి పిలుచుకుని వచ్చి కూర్చోబెట్టేది. ఆ ఒక్క విషయంలో ఆమె పట్టుదల నాకు అప్పట్లో అర్థం కాలేదు, ఆ ముసలామె భయం చూస్తే జాలి కూడా వేసేది.

ఒక ఉదయం సీతారామపురం బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు సాయిబు ఊరు వెళ్ళి అన్ని రోజులూ డ్యూటీలో లేడు. దిగి లోపలికి వచ్చి, ఖాళీ బల్లలు చూసి, అవ్వను చూసి, సంగతి అర్థం చేసుకుని, పోయి అవ్వ పక్కనే కూర్చున్నాడు. బస్సు జనం దిగినవాళ్ళు దిగినట్టే గడప బయట గుంపుగా నిలబడిపోయారు. సాయిబు దోసె తుంచుతూ తల తిప్పకుండానే అన్నాడు. "ఆత్మకూరు దాకా ఇంకేమీ దొరకదు. దోసె తినేవాళ్ళు రాండి. ఆచారం తినేవాళ్ళు బస్సులో కూర్చోండి."

కారం దోసె వాసన గడప దాటి పోతూనే ఉంది. ముందు పిల్లను ఎత్తుకున్న ఒకామె వచ్చింది, పిల్ల ఏడుస్తోందని సాకు చెప్పుకుంటూ. ఆమె వెనక మొగుడు. ఆ తరువాత లోపల చోటు చాలలేదు. అత్త మొహం పొయ్యి వైపు తిప్పుకుంది గనుక కళ్ళు పొగకు తడిసాయో మరెందుకు తడిసాయో చూడలేదు నేను.

దారిన పోయేవాళ్ళు తింటే ఊరివాళ్ళు ఎన్నాళ్ళని ముక్కు మూసుకుంటారు? ఒక్కొక్కరే తిరిగి వచ్చారు, రానివాళ్ళు రానేలేదు. నాకు మాత్రం ఇంకా ఊపిరి తిరగలేదు, జాగా ఇచ్చిన మామ నోరు విప్పలేదు గనుక. చివరికి ఒకనాడు ఆయన కర్రతో గడప అవతల వచ్చి నిలబడ్డాడు. మా ఆయన లేచి నిలుచున్నాడు. అత్త చేతులు తుడుచుకుంటూ ఎదురుపోయింది.

"నేను లోపలికి రాలేనమ్మా," అన్నాడు ఆయన, నేల వంక చూస్తూ. "పుట్టిన అలవాటు, ఇప్పుడు పోమంటే పోదు. నాలుగు దోసెలు పొట్లం గట్టి ఇంటికి పంపించు. రోజూ పంపించు. నీ వదిన చేసే దోసె నోట్లో పెట్టలేక చస్తుండా."

అంతే. పాక మాట ఎత్తలేదు. ఆయన వెళ్ళిపోయాక మా ఆయన బల్ల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు, నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన పొట్లం నేనే కట్టాను, ఆ ఒక్కసారి కాగితం చదవలేదు. బతికున్నన్నాళ్ళూ ఆయన మా గడప దాటలేదు. ఆయన మనవలు మాత్రం కాలేజీ సెలవులకు వచ్చినప్పుడు పాలెం కుర్రాళ్ళ పక్కన కూర్చుని తిని, తాతకు పొట్లం తీసుకుపోయేవాళ్ళు. చూరులోంచి పీకిన సత్తు గ్లాసులు బర్రెకు కుడితి ముంచడానికి పనికివచ్చాయి. మరుసటి ఏడు వానలు పడి చెరువు నిండాక మా ఆయనా నేనూ కూడా దిగాం. ఆ రోజు అయ్యగారు ముందుగానే కాలితో నేల తడివి చూసుకుని నిలబడ్డాడు.

ఇవన్నీ మొన్న ఆ టైల్సు తొట్టి ముందు కూర్చుని తలచుకున్నాను. బాప్తీస్మం అయ్యాక ప్రభువు బల్ల ఇచ్చారు. ఇప్పుడు ఎవరి గిన్నె వారికే, బొటనవేలంత ప్లాస్టిక్ గిన్నెలు ట్రేలో వస్తాయి, తాగి పారెయ్యడమే. ఆరోగ్యానికి మంచిదే, నేను చదివిన ఆరోగ్య గ్రంథాలు కూడా అదే చెబుతాయి. అయినా మా అత్త ఆ ట్రేను చూస్తే ఏమనేదో నాకు తెలుసు గనుక కాసేపు నా గిన్నెను చేతిలోనే ఉంచుకున్నాను.

మనవరాలు తడి జుట్టుతో వచ్చి నా పక్కన కూర్చుంది. దానికి ఏ పాకా పోదు, ఏ బల్లా ఖాళీ కాదు, అందుకు దేవునికి వందనాలు. అది భయపడలేదు, భయపడవలసిన అవసరమూ లేదు, ఇంత తేలిక కావాలనే కదా ఆనాడు అత్తకూ అవ్వకూ కాళ్ళు వణికింది. గాలి కోసం చర్చి తలుపులు రెండూ బార్లా తెరిచే ఉన్నాయి. అవతల రోడ్డు మీద జనం బజారుకు పోతున్నారు, వస్తున్నారు. ఆగి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు.